పందిరి చిక్కుడు పెడుతున్నావుగా, ఇది చదువు

అమ్మడూ,

విత్తనాలు అందాయన్నావు, సంతోషం. అవి మన అమ్మమ్మ పెరట్లోంచి వస్తున్న నాటు పందిరి చిక్కుడు. గింజ అంచున తెల్లగా గీత ఉంటుంది చూడు, ఆ గీత చెదరకుండా, పురుగు చిల్లు లేకుండా ఉన్నవే ఏరి పెట్టు.

ఆషాఢంలో రెండు మంచి వానలు పడ్డాక నాటుకో. మీ గుంటూరు నల్లమట్టిలో నీళ్లు నిలిస్తే గింజ కుళ్లిపోతుంది, అందుకే మాగిన పశువుల ఎరువు కలిపి కాస్త ఎత్తు చేసి అంగుళం లోతున మూడు గింజలు వెయ్, మొలిచాక బలంగా ఉన్న రెండు మొక్కలు ఉంచు చాలు. పందిరి మాత్రం ముందే వేయించు, తర్వాత గుంజలు పాతితే వేళ్లు తెగుతాయి.

ఇక అసలు సంగతి. సెప్టెంబరుకి పందిరంతా ఆకే ఉంటుంది, పువ్వు కనపడదు, అందరూ అక్కడే కంగారుపడి యూరియా వేసేస్తారు, నువ్వు మాత్రం వెయ్యకు తల్లీ. దాని వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియానే గాల్లోని నత్రజనిని పట్టి ఇస్తుంది, పైనుంచి ఇంకా వేస్తే ఆకే పెరుగుతుంది. ఈ నాటు రకం పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది, దసరా దాటేదాకా ఓపిక పట్టాలి. బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ల అర్క జయ్, అర్క విజయ్ అని పొట్టి రకాలున్నాయి, వాటికి పందిరీ అక్కర్లేదు, పొద్దుతో పనీ లేదు, కుండీల్లో పెట్టుకునేవాళ్లకి బావుంటాయి. కానీ సంక్రాంతికి వంకాయ చిక్కుడుకాయ కూర వండితే నాకు ఈ కాయే కావాలి.

కాయ కోసేటప్పుడు గుత్తి కాడని ఒక చేత్తో పట్టుకుని కాయ ఒక్కటే తుంచు, ఆ కాడకే మళ్లీ మొగ్గలొస్తాయి, కాడతో లాగేస్తే ఆ పూత పోయినట్టే.

చలి మొదలయ్యాక లేత కొసలకి నల్లగా పేనుబంక అనే సన్న పురుగు పడుతుంది, తీగ మీద చీమలు బారులు కట్టాయంటే వచ్చేసిందని అర్థం. పొద్దున్నే పైపుతో నీళ్లు గట్టిగా కొట్టు, తగ్గకపోతే లీటరు నీళ్లకి 5 మిల్లీ వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లు.

రథసప్తమికి రథం చెయ్యడానికి కాయలు, పరమాన్నం పెట్టడానికి ఆకులు ఎలాగూ కావాలి, అవి తీసుకో. విత్తనానికి మాత్రం చివర్లో మిగిలిన గిడస కాయలు కాదు, బాగా కాసిన తీగ మీద నిండు కాయలు ముందే గుడ్డపీలిక కట్టి వదిలెయ్. ఎండి గలగలమన్నాక వలిచి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో పెట్టుకో. పక్కింట్లో ఊదారంగు చిక్కుడుందన్నావుగా, ఆ గోడ వైపు కాయలు విత్తనానికి ఉంచకు, తేనెటీగలు రెండూ కలిపేస్తాయి.

వెదురు గుంజలు ఈ వారమే తెప్పించుకో, వానలు పట్టాక ఎవరూ పనికి రారు.

మీ పెద్దమ్మ