గడ్డం ఎందుకు లేస్తోందో ముందు అది చూడు

అమ్మలూ,

నువ్వు పంపిన నటన వీడియో మూడుసార్లు చూశాను, చివరిసారి సౌండ్ తీసేసి చూశాను. డైలాగ్ బాగా చెప్పావు. కానీ నోరు తెరిచే ముందు ప్రతిసారీ గడ్డం పైకి లేస్తోంది, భుజాలు చెవుల వైపు వస్తున్నాయి, మోకాళ్లు బిగుసుకుపోతున్నాయి. ఇదంతా నువ్వు చేస్తున్నట్టే నీకు తెలీదు. కొత్త ఎక్సర్‌సైజులు చెప్పమన్నావు గానీ, ఈ బిగింపు మీద ఏం నేర్చుకున్నా అందులోనే కలిసిపోతుంది, అందుకే ఇప్పుడే చెప్పను.

ఎఫ్. ఎం. అలెగ్జాండర్ అని ఒకాయన ఉండేవాడు, 1869లో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో పుట్టాడు. స్టేజీ మీద కవితలు, నాటక భాగాలు వినిపించడం ఆయన పని, చెబుతుంటేనే గొంతు బొంగురుపోయేది. విశ్రాంతి తీసుకుంటే తగ్గేది, స్టేజీ ఎక్కితే మళ్లీ అంతే. అయితే తప్పు తను చెప్పే తీరులోనే ఉండాలి కదా అని అద్దం ముందు నిలబడి చూసుకున్నాడు. మాట మొదలుపెట్టగానే తల వెనక్కి లాగేస్తున్నాడు, గొంతు నొక్కేస్తున్నాడు, నోటితో చప్పుడుగా గాలి పీలుస్తున్నాడు. అసలు సంగతి ఆ తర్వాతిది. తల ముందుకు పెట్టాననే అనుకున్నాడు, అద్దంలో చూస్తే ఇంకా వెనక్కే ఉంది! అలవాటైపోయినదే ఒంటికి సరైనదిగా తోస్తుంది తల్లీ, సరిచేసింది వంకరగా అనిపిస్తుంది. కాబట్టి "నాకు బాగానే అనిపిస్తోంది పెద్దమ్మా" అన్న నీ మాట నేను నమ్మను. ఫోన్ పక్క నుంచి పెట్టి తీసుకో, ఎదురుగా పెడితే మెడ సంగతి తెలియదు.

నాకు చిన్నప్పుడు ఒకరు నిటారుగా నిలబడమని నేర్పారు. ఛాతీ ముందుకు తోసి నడుం బిగించి ఏళ్ల తరబడి అలాగే నిలబడ్డాను, ఊపిరి సగంలోనే ఆగిపోయేది, నడుం నొప్పి వేరే. నిన్ను ఎవరైనా అలా నిలబెడితే వినకు.

రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని చాలా చిన్నగా తలూపు. తల వెన్ను మీద ఆనేది దాదాపు ఆ ఎత్తులోనే, మనం అనుకునేదానికన్నా చాలా పైన. తల బరువు సుమారు ఐదు కిలోలు, మెడ వెనక కండరాలు బిగుసుకుని దాన్ని వెనక్కి లాగుతుంటే ఇక గొంతు తేలిగ్గా ఎలా ఉంటుంది?

రోజూ 15 నిమిషాలు నేల మీద వెల్లకిలా పడుకో. తల కింద రెండు పుస్తకాలు, మోకాళ్లు పైకి, పాదాలు నేలకు ఆనించి, కళ్లు తెరిచే ఉంచు. ఏమీ సరిచేయకు, ఒళ్లు ఎక్కడ నేలకు తగులుతోందో ఎక్కడ తగలడం లేదో చూస్తూ ఉండు. తర్వాత లేచి నిలబడి, డైలాగ్ చెప్పాలనుకో, చెప్పకుండా ఆగిపో. ఆ క్షణంలో గడ్డం కదిలిందా? కదిలితే వదిలేసి మళ్లీ మొదలుపెట్టు. పదిసార్లలో ఏడుసార్లు చెప్పకుండానే ఆగిపోయినా పర్వాలేదు, నా దృష్టిలో సాధన అంటే అదే. ఎక్కడైనా నొప్పి వస్తే మాత్రం ఆపేసి డాక్టర్‌కి చూపించు.

నడకలు, అదే మాటను బరువుగా, తేలిగ్గా, మెల్లగా, చటుక్కున చెప్పడం, ఇవన్నీ నెల తర్వాత చూద్దాం. వచ్చే ఆదివారం ఇదే డైలాగ్ పక్క నుంచి తీసి పంపు, ముందు సౌండ్ లేకుండానే చూస్తాను.

పెద్దమ్మ