పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: వెలుగు కోసం ఒక చెక్క మండపం

ప్రశ్న: విదేశంలో ఒక సముద్రతీరపు పార్కులో వెలుగును చూడడానికే కట్టిన చిన్న చెక్క మండపం ఫోటోలు ఈమధ్య చూశాను. లోపల బొమ్మలు లేవు, శిల్పాలు లేవు. పలకల సందుల్లోంచి పడే ఎండ తప్ప మరేమీ కనిపించలేదు. దీన్ని కళ అనడం సబబేనా? సముద్రం లేని మా ఊళ్లో, మా బడి ఆవరణలో ఇలాంటిది కడితే పిల్లలకు చూపించడానికి ఏమైనా ఉంటుందా?
— ఒక ఉపాధ్యాయురాలు, అనంతపురం

జవాబు: సబబేనని మా అభిప్రాయం. ఎంత వెలుగును బయటే ఆపాలో తేల్చుకోవడంలో కట్టేవారి నేర్పంతా ఉంటుంది. అమెరికా కళాకారుడు జేమ్స్ టరెల్ పైకప్పు తెరిచి ఉంచిన గదులను దశాబ్దాలుగా నిర్మిస్తున్నారు. వాటిలో చూడవలసింది ఆకాశం ఒక్కటే. మట్టిమిద్దెలో గవాక్షి కింద కూర్చుని బియ్యం ఏరినవారికి ఈ సంగతి మరీ కొత్తగా అనిపించకపోవచ్చు.

సముద్రం పక్కన నీటిపై పడిన ఎండ తిరిగి పైకి లేచి, సందుల్లోంచి పైకప్పు అడుగును తాకి, అలలతోపాటు కదులుతుంది. ద్వారం ముందు ఎండలో గంగాళం నిండా నీళ్లు పెట్టి మీరు దాన్ని కొంతవరకు చూపించవచ్చు గానీ, మీ ఊరి మండపానికి అంతకంటే మంచి పని వేరే ఉంది. మూడు మీటర్ల ఎత్తున పైకప్పుకు అర సెంటీమీటరు చిల్లు ఒకటి పెట్టండి. చిల్లు చదరంగా ఉన్నా మధ్యాహ్నం నేలపై పడే వెలుగు గుండ్రంగా, మూడు సెంటీమీటర్ల వెడల్పున ఉంటుంది. ఎందుకంటే చిన్న చిల్లులోంచి వచ్చే వెలుగు బయటి వస్తువు రూపాన్నే తలకిందులుగా లోపల చూపుతుంది, నేలపై పడేది సూర్యబింబమే. హంపి విరూపాక్షాలయంలో లోపలి గోడమీద రాజగోపురం తలకిందులుగా కనిపించడానికీ కారణం ఇదే.

ఆ బింబం నిమిషానికి సెంటీమీటరుకు పైగా తూర్పుకు జరుగుతుంది కాబట్టి పిల్లలు దాని కదలికను కళ్లారా చూడగలరు. అనంతపురం సుమారు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందున ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరోసారి సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో పన్నెండుంబావుకు, పన్నెండున్నరకు మధ్య బింబం సరిగ్గా చిల్లు కిందికే చేరుతుంది. ఆ రెంటి మధ్య నెలల్లో మిట్టమధ్యాహ్నం అది చిల్లుకు దక్షిణంగా, మిగతా ఏడాదంతా ఉత్తరంగా పడుతుంది. రోజూ అదే వేళకు నేలమీద సుద్దతో గుర్తు పెట్టించండి. చిల్లులోంచి సూర్యుణ్ణి నేరుగా చూడకూడదని మాత్రం ముందే గట్టిగా చెప్పాలి.

ప్రశ్న: ఇలాంటి చెక్క కట్టడం మా ప్రాంతపు ఎండకు, చెదలకు నిలుస్తుందా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: సముద్రతీరంలో ఉప్పుగాలికి ఇనుప మేకులు తుప్పుపడతాయి, మీ దగ్గర ఆ బెడద తక్కువ, చెక్క ఎండి పగలడం ఎక్కువ. అందువల్ల బాగా ఆరిన కలపే వాడాలి. కొత్త టేకు కొనేకంటే, పడగొట్టిన పాత మిద్దెల దూలాలు, తలుపులు వెతకడం మేలు. చేవ ఉన్నది చూసి ఏరుకోండి. ఎర్రచందనం ఊసే వద్దు. పలకను రెండు అంచులకూ బిగించేస్తే కుంచించుకున్నప్పుడు నడుమ చీలుతుంది కాబట్టి ఒక వరుసలోనే మరలు వేయాలి. స్తంభాలను మట్టిలో పాతకుండా కడప బండల అరుగుపై నిలిపితే చెదలు ఎక్కినా వాటి మట్టి దారులు వెంటనే కంటపడతాయి. ఆ బండ నల్లనిది కనుక బింబం పడేచోట సున్నం పూయించండి, లేకపోతే వెలుగు సరిగా కనిపించదు.