ఒరిజినల్స్ కొరియర్‌లో తెప్పించుకోవచ్చా?

ప్రశ్న: మిర్యాలగూడలో మాకు చిన్న రైస్ మిల్లు ఉంది, ముగ్గురం పార్ట్‌నర్లం. మిల్లు జాగా కాగితాలు పెట్టి తీసుకున్న లోన్ పోయిన నెలలో కట్టేశాం. ఒరిజినల్స్ హైదరాబాద్ ఆఫీసులో ఉన్నాయి, కొరియర్‌లో పంపిస్తామని బ్యాంకువాళ్లు అంటున్నారు. దారిలో పోతే ఎట్లా అని టెన్షన్‌గా ఉంది. వచ్చాక ఎక్కడ పెట్టాలో కూడా చెప్పండి, మిల్లు ఆఫీసులో చెదల బాధ ఉంది.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కొరియర్‌కు ఒప్పుకోకండి. మీలో ఒకరు మిగతా ఇద్దరి సంతకాలతో ఆథరైజేషన్ లెటర్ పట్టుకుని పొద్దున రైలెక్కి వెళ్లి చేతికి తెచ్చుకోండి. సేల్ డీడ్ పోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఇస్తారు నిజమే, కానీ రేపు మళ్లీ లోన్‌కు వెళ్తే కాగితాలు డిపాజిట్ చేయించుకునే బ్యాంకు మొదట అడిగేది ఒరిజినలే, అది లేదంటే పోలీసు ఫిర్యాదు, పేపర్లో ప్రకటన అంటూ తిప్పుతారు, అయినా లోన్ వస్తుందన్న నమ్మకం ఉండదు. ఇక రిజిస్టర్ కాని పాత అగ్రిమెంట్లు పోతే కాపీ ఇచ్చే ఆఫీసే లేదు.

లోన్ తీసుకున్న రోజు బ్యాంకు ఇచ్చిన డాక్యుమెంట్ల జాబితా వెంట తీసుకెళ్లండి. అక్కడే కూర్చుని లింకు డాక్యుమెంట్లతో (అంతకుముందు ఆ జాగా చేతులు మారిన పాత పత్రాలతో) సహా ఒక్కొక్కటీ విప్పి పేజీలు లెక్కపెట్టండి, వెనక రిజిస్ట్రేషన్ ముద్రలు చూడండి, అన్నీ సరిపోయాకే ముట్టినట్టు సంతకం పెట్టండి, వాళ్లు ఎంత తొందరపెట్టినా సరే. తాకట్టును రిజిస్టర్ చేయించి ఉంటే దాని రద్దు కూడా రిజిస్టర్ చేయించాలి, లేకపోతే ఈసీలో, అంటే జాగా మీద ఉన్న తాకట్లు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్లో, ఆ బాకీ అట్లాగే కనిపిస్తుంది.

30 రోజుల్లో కాగితాలు ఇవ్వకపోతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు కట్టాలని మీరు వినే ఉంటారు. రిజర్వ్ బ్యాంకు 2023లో తెచ్చిన ఆ నిబంధన వ్యక్తులు తీసుకునే ఇల్లు, చదువు లాంటి పర్సనల్ లోన్ల కోసం. మీది ఫర్మ్ పేరు మీద లోన్ కాబట్టి దాన్ని నమ్ముకుని కూర్చోకండి, రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి.

వెళ్లడం ఏ రకంగానూ కుదరకపోతే స్పీడ్ పోస్టులో పంపమనండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు అందులోనే కలిసిపోయింది, కొంచెం అదనంగా కడితే కవరు పేరున్న మనిషికే ఇచ్చే రిజిస్ట్రేషన్ సదుపాయం ఉంది, అది పెట్టించమని గట్టిగా అడగండి. మిల్లు అడ్రస్ వద్దు, వాచ్‌మన్ చేతిలో పడుతుంది.

దాచడానికి వస్తే, సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, పార్ట్‌నర్‌షిప్ డీడ్ బ్యాంకు లాకర్లోనే ఉండాలి. అయితే దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే, వరదల్లాంటి ప్రకృతి వైపరీత్యానికి అదీ లేదు, అందుకే అన్ని పేజీలూ స్కాన్ చేసి ముగ్గురి దగ్గరా తలా ఒక కాపీ ఉంచుకోండి. లామినేషన్ మాత్రం చేయించకండి, మళ్లీ ఊడదీయలేం. జీఎస్టీ బిల్లులు, ఖాతా పుస్తకాలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి కాబట్టి వాటికి ఒక ఇనుప బీరువా చాలు, గోడకు ఆనించకుండా, తవుడు బస్తాలకు దూరంగా పెట్టండి.

ఒరిజినల్ ఎవరు బయటికి తీసినా తేదీ, కారణం, సంతకం ఒక నోటుబుక్కులో రాయించండి. ముగ్గురు పార్ట్‌నర్లు ఉన్నచోట కాగితం పోవడం కన్నా ఎవరి దగ్గరుందో తెలియక వచ్చే గొడవలే ఎక్కువ. ఆడిటర్ అడిగితే జిరాక్స్ ఇచ్చి పంపండి.