పట్రూన్లు మన జమీందార్ల బాపతేనా?

"అమెరికాలో డచ్ పట్రూన్లు మన జమీందార్లలాంటి వాళ్లేనా?" అని అడిగారు. ఎనిమిదేళ్లుగా న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో ఉంటున్నాను కాబట్టి చెప్తాను. అవును, ముమ్మాటికీ అదే బాపతు.

1629లో డచ్ వెస్టిండియా కంపెనీ, నాలుగేళ్లలో 50 మందిని తెచ్చి కాపురం పెట్టించినవాడికి నది ఒడ్డున మైళ్లకొద్దీ భూమి, సొంతంగా కోర్టు నడుపుకునే హక్కూ రాసిచ్చింది. అలాంటి భూస్వామినే పట్రూన్ అనేవారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో వజ్రాల వ్యాపారం చేసుకునే కీలియాన్ వాన్ రెన్సలర్ ఒక్కసారి కూడా ఈ నేల తొక్కకుండానే ఇక్కడ దొరయ్యాడు. 1664లో ఇంగ్లీషువాళ్లు ఈ డచ్ వలసని లాక్కున్నా ఆ కుటుంబం పెత్తనం పోలేదు. ఇప్పుడు ఊరికీ, కౌంటీకీ, మన పిల్లలు లక్షలు పోసి చదివే కాలేజీకీ ఆ పేరే.

పోయిన వేసవిలో నాన్న వస్తే ఒకప్పుడు ఆ దొరల కౌలుదార్లుండిన హెల్డర్‌బర్గ్ కొండల మీదికి తీసుకెళ్లాను. అక్కడ నిలబడి కౌలు లెక్క చెప్పాను: వందెకరాలకి ఏటా పది నుంచి పద్నాలుగు బుషెళ్ల (అక్కడి ధాన్యం కొలత) గోధుమలు, నాలుగు బలిసిన కోళ్లు, గుర్రాలూ బండీ కట్టుకెళ్లి ఒకరోజు చాకిరీ. కోళ్ల దగ్గరికొచ్చేసరికి నాన్న పగలబడి నవ్వారు. "ఇక్కడా కోళ్లేనా! మీ తాత పండక్కి దివాణానికి పుంజుని మోసుకెళ్లేవాడురా, అది దారిలో తప్పించుకుంటే ఊరంతా వెతికారు" అన్నారు.

నన్ను అడిగితే కోళ్లకన్నా ఘోరం ఇంకోటుంది. రైతు చెట్లు కొట్టి, ఇల్లు కట్టి, చివరికి ఆ కౌలు హక్కు ఎవరికైనా అమ్ముకుంటే చాలామంది కౌలు పత్రాల్లో నాలుగో వంతు సొమ్ము దొరగారికే. (మా పాత అపార్ట్‌మెంట్ ఓనరు గోడకి మూడు మేకులు కొట్టామని డిపాజిట్ మొత్తం మింగేశాడు, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది.)

1839లో ఆ వంశంలో అప్పటి దొర స్టీఫెన్ వాన్ రెన్సలర్ పోయాక వారసులు దాదాపు 4 లక్షల డాలర్ల కౌలు బకాయి కట్టమని రైతుల మీద పడ్డారు. దాంతో రైతులు పూల చీటీగుడ్డ గౌన్లు తొడుక్కుని, మొహాలకి గొర్రెతోలు ముసుగులు వేసుకుని, రేకు బూరలు ఊదుతూ వసూలుకొచ్చిన షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) మనుషుల్ని తరిమారు. 1846లో న్యూయార్క్ కొత్త రాజ్యాంగం సాగుభూమికి పన్నెండేళ్లు మించిన కౌలు కుదరదంది. మన దగ్గర జమీందారీ రద్దు చట్టం 1948లో గానీ రాలేదు.

ఇదంతా విని నాన్న కొండ కిందికి చాలాసేపు చూసి, "ఇప్పుడిక్కడ ఎకరం ఎంతుంటుందిరా?" అన్నారు.