కాలనీ అంతా నమ్మిన పుకారును ఎలా ఆపాలి?

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని మీ కాలనీ గ్రూపులో అందరూ నమ్ముతున్నారని, కాదన్నందుకు మిమ్మల్నే తిట్టారని రాశారు. మీ టెన్షన్ అర్థమైందండీ.

వాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. ఒకే వాయిస్ మెసేజ్ బావమరిది నుంచి, స్కూల్ పేరెంట్స్ గ్రూపు నుంచి, పాలబ్బాయి నోటి నుంచి వస్తే ముగ్గురు వేర్వేరుగా చెప్పినట్టే ఉంటుంది. మూలం ఒక్కటేనని ఎవరికీ కనబడదు. పైగా, నలుగురు చేసే పనిలో తామూ చేరడానికి ఒక్కొక్కరికి ఒక్కో హద్దు ఉంటుందని మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1978లో వివరించారు. ఇద్దరు కదిలితే కదిలేవాళ్లుంటారు, ఇరవైమంది కదిలాకే కదిలేవాళ్లుంటారు. ముందువాళ్లు కదిలేకొద్దీ వెనకవాళ్ల హద్దూ దాటిపోతుంది.

అందుకే అది అబద్ధమని చెప్పే లింకులు గ్రూపులో పెట్టడం ఆపండి. అందరి ముందూ కాదంటే పంతం పెరుగుతుంది. మీ మాట వినే ఇద్దరు ముగ్గురికి విడిగా ఫోన్ చేసి, "ఏ ఊళ్లో జరిగింది? ఏ స్టేషన్‌లో కేసైంది?" అని అడగండి. తర్వాత ఆ ప్రశ్న వాళ్లతోనే గ్రూపులో వేయించండి. 2018లో ఇలాంటి పుకార్లే లేచినప్పుడు గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లకు పంపి, జానపద పాటలతో చెప్పించారు. తెలిసిన మనిషి ఎదురుగా చెబితే వింటారు.

ఈలోగా, కొత్తవాళ్లు కనిపిస్తే చెయ్యి చేసుకోకుండా 100కు ఫోన్ చేయమని ఈ రాత్రే గ్రూపులో పెట్టండి. దానికెవరూ అడ్డు చెప్పరు.