కొత్త మట్టి దాక చెమ్మ కారుతుంటే

కొత్త దాక అడుగున చెమ్మ వస్తోందని టెన్షన్ పడకండి. పూత లేని మట్టి పాత్ర మొదట్లో అలా చెమ్మగిల్లడం మామూలే. ముందు బాగా ఆరిన ఖాళీ దాకను వేలి కణుపుతో తట్టి చూడండి. ఖంగుమంటే బాగున్నట్టే. బొంగురుగా మోగితే ఎక్కడో సన్న బీట ఉండొచ్చు, షాపులో మార్చుకోండి. బాగుంటే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరాక గంజి పోసి సన్న మంట మీద కాచండి. గంజిలోని పిండి పదార్థం సన్న రంధ్రాలను పూడుస్తుంది. రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. వేడి దాకలో చన్నీళ్లు మాత్రం అస్సలు పోయకండి, పగులుతుంది. సబ్బు కూడా వద్దండీ, మట్టి దాన్ని పీల్చుకుని మళ్లీ పులుసులోకి వదులుతుంది. కొబ్బరి పీచు, కాస్త బియ్యప్పిండి చాలు. రంగులేసిన దాకైతే అసలు వంటకే వాడకండి.