గాలి ఎటు నుంచి, నీరు ఎటు వైపు

సింధూ,

వైజాగ్‌లో ఓషనోగ్రఫీ, అదే సముద్ర శాస్త్రం, తీసుకున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడికేమో గర్వం, నాకేమో గర్వంతో పాటు దడ.

క్లాసులు ఎగ్గొట్టకు. మంచి అట్లాస్ కొనుక్కో. భూమి తిరగడం వల్ల గాలినీ నీటినీ పక్కకు మళ్లించే కోరియోలిస్ బలం భూమధ్యరేఖ మీద సున్నా అని మర్చిపోకు.

ఇక అసలు సంగతి. మా బ్యాచ్‌లో ఎప్పుడూ ఫస్ట్ వచ్చే అమ్మాయి పరీక్షలో ఒకే ఒక్క బాణం దగ్గర బోల్తా పడింది. గాలికి అది వచ్చే దిక్కు పేరు పెడతారు, ప్రవాహానికి పోయే దిక్కు పేరు. తను నైరుతి గాలిని నైరుతికి పోయే గాలి అనుకుంది. మన అర్ధగోళంలో గాలి కదిలించే పైపొర నీరు మొత్తమ్మీద గాలికి కుడివైపు 90 డిగ్రీలు తప్పుకుంటుందని స్వీడన్ శాస్త్రవేత్త ఎక్‌మన్ 1905లో చెప్పినది పొల్లు పోకుండా రాసింది. ఏం లాభం? బాణం తిరగబడింది కనక నీళ్లన్నీ వాయవ్యంగా మన ఒడ్డుకే తోసుకొచ్చి కిందికి దిగిపోయాయి, కాగితం మీద! నిజానికి విశాఖ దగ్గర ఆ గాలి తీరం వెంబడే వీస్తుంది. పైనీరు ఆగ్నేయంగా సముద్రంలోకి జరుగుతుంది, ఆ ఖాళీలోకి అడుగు నుంచి పోషకాలున్న చల్లని నీరు ఉబికొస్తుంది. 1950లలో లాఫాండ్ అనే అమెరికన్ ఆంధ్ర యూనివర్సిటీకి వచ్చి పరిశోధించింది దీన్నే. అంత తెలివైన పిల్ల ఆ రాత్రి మెస్‌లో కంచం ముట్టలేదు. నేనే కలిపి ముద్దలు పెట్టాను.

అందుకే ముందు తీరం గీత గియ్యి, దాని పక్కన గాలి బాణం వెయ్యి, ఆ తర్వాతే సూత్రం. చుక్కలు పెట్టకుండానే ముగ్గు లాగే రకానివి నువ్వు, నాకు తెలీదూ!

అట్లాంటిక్‌లోని గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం గురించి చదివి అన్ని ప్రవాహాలూ ఏడాదంతా ఒకే దిక్కున పోతాయనుకోకు. మన తీర ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి పోతుంది.

ఆర్కే బీచ్‌లో మాత్రం మోకాలు దాటి దిగకు, తల్లీ. ఒడ్డుకొచ్చిన నీరు ఇరుకు దారి చేసుకుని వెనక్కి లాగుతుంది. అలలు విరగని చోటు ప్రశాంతంగా ఉందని మురిసిపోతే అదే ఆ దారి కావచ్చు. చిక్కుకుంటే ఒడ్డు వైపు పెనుగులాడి అలిసిపోకు, చెయ్యెత్తి పిలువు, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడు. ఈ ముక్క మీ నాన్నకు చదివి వినిపించకు. మర్నాడే వచ్చి టీసీ అడుగుతాడు.

మీ అత్త